పేరెంట్స్, స్టూడెంట్స్, డేస్... అపాస్ట్రఫీ ఎక్కడ పెట్టాలి? వెర్బ్ తర్వాత, ప్రిపొజిషన్ తర్వాత స్టెప్ బై స్టెప్

లీవ్ లెటర్‌లో టెన్ డేస్ లీవ్ అని రాస్తాం కదా, ఆ డేస్ మీద చిన్న కొమ్ము (అదే, అపాస్ట్రఫీ) పెట్టాలా వద్దా, పెడితే ఎస్‌కి ముందా వెనకా అని అడిగేవాళ్ళు నెలకి నలుగురైనా ఉంటారు. ఒక్కొక్కళ్ళకి విడివిడిగా చెప్పి చెప్పి ఇక ఓపిక లేక మొత్తం ఒకచోట రాసేస్తున్నా. చదివేటప్పుడు మీరు ఈ మధ్య పంపిన ఇంగ్లీషు మెయిల్ ఒకటి తెరిచి పక్కన పెట్టుకోండి, చదువుతూ అందులోనే దిద్దుకోవచ్చు.

ఉదాహరణలు కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, కావాలనే. ఎందుకో ఒకటో పాయింట్‌లోనే తెలిసిపోతుంది.

1. ముందు చెవిని నమ్మడం మానేయండి

ఈ మూడూ గట్టిగా చదవండి:

స్టూడెంట్స్: విద్యార్థులు
స్టూడెంట్'స్: ఒక విద్యార్థి యొక్క
స్టూడెంట్స్': చాలామంది విద్యార్థుల యొక్క

ఏమైనా తేడా వినపడిందా? పడదు, మూడూ ఒకటే చప్పుడు. తేడా అంతా కాగితం మీదే ఉంది, అందుకే గలగలా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు కూడా రాయమంటే ఇక్కడ ఆగిపోతారు. మనమే కాదు, ఇంగ్లీషు వాళ్ళకీ తిప్పలే. లండన్ మెట్రోలో పికడిలీ లైన్ మీద పక్కపక్కనే రెండు స్టేషన్లున్నాయి, ఎర్ల్'స్ కోర్ట్‌కి అపాస్ట్రఫీ ఉంటుంది, బేరన్స్ కోర్ట్‌కి ఉండదు. వాటర్‌స్టోన్స్ అనే పుస్తకాల షాపు వాళ్ళయితే 2012లో తమ పేరులోంచి దాన్ని పీకి పారేశారు. కాబట్టి బోర్డులు చూసి, కంపెనీ పేర్లు చూసి నేర్చుకోవద్దు, పేరు వాళ్ళిష్టం. వాక్యం మాత్రం రూల్ ప్రకారం నడుస్తుంది.

2. బహువచనం ముందు, కొమ్ము తర్వాత

చాలామంది రెండు పనులూ ఒకేసారి చేయబోయి తప్పులో కాలేస్తారు. విడదీయండి:

- ముందు "యొక్క" సంగతి మర్చిపోయి మామూలు బహువచనం రాయండి.
- చివరి అక్షరం ఎస్సేనా చూడండి.
- ఎస్ అయితే దాని తర్వాత అపాస్ట్రఫీ ఒక్కటే. ఇంకో ఎస్ అక్కర్లేదు.
- ఎస్ కాకపోతే అపాస్ట్రఫీ, తర్వాత ఎస్.

పేరెంట్స్ → పేరెంట్స్'
కంపెనీస్ → కంపెనీస్' (వై తీసేసి ఐ-ఈ-ఎస్ వేశాకే కొమ్ము)
వైవ్స్ → వైవ్స్'
ఎమ్మెల్యేస్ → ఎమ్మెల్యేస్'
చిల్డ్రన్ → చిల్డ్రన్'స్
మెన్ → మెన్'స్, విమెన్ → విమెన్'స్, పీపుల్ → పీపుల్'స్

ఈ చివరి నాలుగూ బట్టీ కొట్టేయండి, గొడవంతా వీటితోనే. చిల్డ్రన్ అంటేనే బహువచనం, దానికి చివర ఎస్ లేదు, కాబట్టి ఎస్ తర్వాత కొమ్ము పెట్టడం అనేదే కుదరదు.

ఇందులో నేను నా చేతులారా చెడగొట్టిన పని ఒకటి ఉంది. ఫ్రెండ్ ఒకడు ఆడపిల్లల హాస్టల్ పెడుతూ ఫ్లెక్సీ షాపులో కూర్చుని ఫోన్ చేశాడు, విమెన్స్ హాస్టల్‌లో కొమ్ము ఎక్కడరా అని. నేను బండి మీద ఉన్నా, "బహువచనమేగా, చివర్లో పెట్టించెయ్" అని పెట్టేశా. ప్రింటయిపోయింది, కట్టేశారు కూడా. సాయంత్రం వెళ్ళి చూస్తే ఎస్ తర్వాత అంతెత్తు కొమ్ము. మళ్ళీ ప్రింట్ ఖర్చు ఎందుకని ఆ షాపతను బ్యాక్‌గ్రౌండ్ రంగు స్టిక్కర్ చిన్నది కోసి దాని మీద అంటించాడు, ఎండకి ఫ్లెక్సీ వెలిసింది గానీ ఆ స్టిక్కర్ వెలవలేదు, ఇప్పుడు దూరం నుంచి ముందు కనపడేది అదే.

ఇంటిపేర్లకి ఇంకో చిక్కుంది. రెడ్డి చివర వై ఉంది కదా అని ఐ-ఈ-ఎస్ చేయకూడదు, పేరు స్పెల్లింగ్ ముట్టుకోకుండా ఎస్ తగిలించి కొమ్ము పెట్టాలి: ది రెడ్డీస్' హౌస్. సిస్టర్-ఇన్-లా లాంటి వాటికి బహువచనం మొదటి ముక్క మీద, కొమ్ము చివరి ముక్క మీద: మై సిస్టర్స్-ఇన్-లా'స్. ఇది చూడ్డానికే బాలేదు, నేనైతే ఇలాంటి చోట వాక్యం మార్చేస్తా.

3. అసలు కీలకం: మన "ల" రెండు పనులు చేస్తుంది

కొమ్ము ఎలా పెట్టాలో వచ్చేసింది. అసలు పెట్టాలా వద్దా అనేదే పెద్ద ప్రశ్న, అక్కడ మన తెలుగే మనల్ని కాస్త పక్కదారి పట్టిస్తుంది.

పిల్లల పుస్తకాలు
పిల్లల గురించి
పిల్లల కోసం
పిల్లల వల్ల

నాలుగింట్లోనూ "పిల్లల". మనకి రూపం ఒకటే. ఇంగ్లీషులో మాత్రం మొదటిదానికే కొమ్ము (చిల్డ్రన్'స్ బుక్స్), మిగతా మూడూ అబౌట్ ది చిల్డ్రన్, ఫర్ ది చిల్డ్రన్, బికాజ్ ఆఫ్ ది చిల్డ్రన్. కొమ్ము లేదు. పైగా బడిలో షష్ఠీ విభక్తి అంటే "కిన్ కున్ యొక్క లోన్ లోపలన్" అని ఒకే తాళంలో పాడేశాం, "కి"కీ "యొక్క"కీ తేడా అడిగినవాడు లేడు. ఇంగ్లీషులో ఆ రెండూ వేరు వేరు ఇళ్ళు.

అందుకని రెండు పరీక్షలు పెట్టుకోండి.

పరీక్ష ఒకటి, తెలుగులో: "ల" తర్వాత వచ్చిన మాట ఒక వస్తువో, మనిషో, పనో, విషయమో అయితే కొమ్ము పడుతుంది. కోసం, గురించి, వల్ల, తో, కంటే లాంటి అతుకు మాట అయితే పడదు. "లకి" అని వచ్చినా "లని" అని వచ్చినా పడదు.

పరీక్ష రెండు, ఇంగ్లీషులో: ఆ బహువచనం మాట తీసేసి దాని చోట "దెయిర్" పెట్టి చూడండి. వాక్యం నిలబడితే కొమ్ము కావాలి. "దెమ్" పెడితేనే నిలబడితే కొమ్ము వద్దు.

ఫర్ ది చిల్డ్రన్ → ఫర్ దెమ్. కొమ్ము లేదు.
ఫర్ ది చిల్డ్రన్'స్ స్కూల్ → ఫర్ దెయిర్ స్కూల్. కొమ్ము ఉంది.

ఈ రెండో పరీక్ష ఒక్కటి గుర్తుంటే కింద చెప్పేదాంట్లో చాలాభాగం మీరే చేసేసుకుంటారు.

4. వెర్బ్ తర్వాత వచ్చినప్పుడు

మెట్టు 1: వెర్బ్ దొరకపుచ్చుకోండి.
మెట్టు 2: "ఎవర్ని? దేన్ని?" అని అడగండి.
మెట్టు 3: జవాబు మనుషులేనా, మనుషులకి సంబంధించిన ఇంకోటా చూడండి.

ది పోలీస్ స్టాప్డ్ ది డ్రైవర్స్.
ఎవర్ని ఆపారు? డ్రైవర్లని. అంతే, కొమ్ము లేదు.

ది పోలీస్ టుక్ ది డ్రైవర్స్' లైసెన్సెస్.
దేన్ని తీసుకున్నారు? లైసెన్సుల్ని. ఎవరివి? డ్రైవర్లవి. కొమ్ము పడింది. ఇక్కడ టుక్ అనే వెర్బ్ పట్టుకున్నది లైసెన్సెస్‌ని, డ్రైవర్స్ అనేది మధ్యలో ఉన్న సొంతదారు మాత్రమే.

ఇప్పుడు బాగా తెలివైనవాళ్ళు కూడా జారిపడే చోటు. వెనకాల ఇంకో నామవాచకం ఉంది కదా అని కళ్ళు మూసుకుని కొమ్ము పెట్టేస్తారు:

ఐ గేవ్ ది స్టూడెంట్స్ బుక్స్.
ఐ గేవ్ ది స్టూడెంట్స్' బుక్స్ టు ది క్లర్క్.

మొదటిది విద్యార్థులకి పుస్తకాలు ఇచ్చాను. ఐ గేవ్ దెమ్ బుక్స్. కొమ్ము లేదు. రెండోది విద్యార్థుల పుస్తకాలు తీసుకెళ్ళి క్లర్కుకి ఇచ్చాను. ఐ గేవ్ దెయిర్ బుక్స్. కొమ్ము ఉంది. ఒక్క కొమ్ముతో పుస్తకాలు ఎవరి చేతికి వెళ్ళాయో మారిపోయింది చూడండి. గివ్, సెండ్, షో, టెల్, టీచ్, ఆఫర్ లాంటి వెర్బ్‌లు కనపడగానే ఒక్క క్షణం ఆగి, తెలుగులో "లకి" వస్తోందా "ల" వస్తోందా అని చూసుకోండి. ఇక్కడ మాత్రం తెలుగు మనకి భలే సాయం చేస్తుంది, ఇంగ్లీషు కంటే మనమే స్పష్టం.

ఐఎన్‌జీ వచ్చే వాక్యాల సంగతి: ఐ సా ది బాయ్స్ ప్లేయింగ్. ఆడుతున్న కుర్రాళ్ళని చూశాను, కొమ్ము లేదు. ఐ అప్రీషియేట్ ది పేరెంట్స్' కమింగ్ ఎర్లీ అని కొమ్ముతో రాస్తే వాళ్ళు రావడాన్ని మెచ్చుకున్నట్టు, కాస్త పెద్దమనిషి తరహా ఇంగ్లీషు. కొమ్ము లేకుండా రాసినా ఈ రోజుల్లో ఎవరూ తప్పనరు. దీని మీద ఎక్కువసేపు బుర్ర పాడుచేసుకోకండి.

5. ప్రిపొజిషన్ తర్వాత వచ్చినప్పుడు

మన దగ్గర లో, తో, కోసం అన్నీ వెనక వస్తాయి, వాళ్ళ దగ్గర ముందొస్తాయి. అందరికీ తెలిసిందే. కానీ సొంతదారు ముందు, వస్తువు తర్వాత అనే వరస మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే, అది గమనించరు.

"మా అమ్మానాన్నల ఇంట్లో" తీసుకోండి.

- అతుకు విడదీయండి: మా అమ్మానాన్నల ఇల్లు + లో
- మొదటి ముక్కని ఉన్న వరసలోనే ఇంగ్లీషు చేయండి: మై పేరెంట్స్' హౌస్
- "లో" తీసుకెళ్ళి ముందు పెట్టండి: ఇన్ మై పేరెంట్స్' హౌస్

అంతే. ఒక్క ముక్క మాత్రమే కదిలింది. మొత్తం తలకిందులు చేయాలనుకుని ఇన్ ది హౌస్ ఆఫ్ మై పేరెంట్స్ అని రాసేవాళ్ళున్నారు, తప్పు కాదు గానీ పెళ్ళి కార్డు భాషలా ఉంటుంది.

ఇంకొన్ని, గట్టిగా చదివి దెయిర్ పరీక్ష పెట్టుకోండి:

విత్ మై ఫ్రెండ్స్' హెల్ప్: ఫ్రెండ్స్ సాయంతో
అబౌట్ ది ఫార్మర్స్' ప్రాబ్లమ్స్: రైతుల సమస్యల గురించి
ఫ్రమ్ ది వర్కర్స్' శాలరీస్: పనివాళ్ళ జీతాల్లోంచి
టు ది స్టూడెంట్స్' పేరెంట్స్: విద్యార్థుల తల్లిదండ్రులకి

చివరిదాంట్లో టు అనేది ఎవరికి? పేరెంట్స్‌కి. మెయిల్ వెళ్ళేది వాళ్ళకే. ప్రిపొజిషన్ ఎప్పుడూ గుంపులో చివరి నామవాచకాన్నే పట్టుకుంటుంది, మధ్యలో ఎంతమంది సొంతదారులున్నా సరే. టు ది స్టూడెంట్స్' పేరెంట్స్' ఫోన్స్ అని రెండు కొమ్ములు వరసగా రావడమూ జరుగుతుంది, అది సరైనదే, మూడో కొమ్ము వస్తోందంటే మాత్రం వాక్యం విరగ్గొట్టండి.

ఆ గుంపు తర్వాత ఈజ్ పెట్టాలా ఆర్ పెట్టాలా అనేది కూడా ఆ చివరి నామవాచకమే తేలుస్తుంది. మై పేరెంట్స్' హౌస్ ఈజ్. ఇల్లు ఒకటే కదా. ది వర్కర్స్' డిమాండ్స్ ఆర్.

పండగ రోజుల పేర్లు: సెప్టెంబర్ 5న ఆన్ టీచర్స్' డే, ఎస్ తర్వాత కొమ్ము. నవంబర్ 14న ఆన్ చిల్డ్రన్'స్ డే, మార్చి 8న ఆన్ విమెన్'స్ డే, ఎస్ ముందు కొమ్ము. మదర్'స్ డేకి మాత్రం ఏకవచనం లెక్క, అక్కడ కూడా ఎస్ ముందే.

6. వెనక నామవాచకం కనపడని చోట్లు

వెనక ఏమీ లేదు, అయినా కొమ్ము పడుతుంది. ఎందుకంటే ఆ మాట మాయమైంది గానీ అర్థం పోలేదు. తెలుగులో "ది, వి" వచ్చే చోటు అనుకోండి.

ఈజ్, ఆర్, వాజ్ తర్వాత: దట్ కార్ ఈజ్ మై పేరెంట్స్'. ఆ కారు మా అమ్మానాన్నలది.

దాన్ తర్వాత: అవర్ శాలరీస్ ఆర్ లోయర్ దాన్ ది డ్రైవర్స్'. మా జీతాలు డ్రైవర్ల జీతాల కంటే తక్కువ. కొమ్ము వదిలేస్తే జీతాన్ని మనిషితో పోల్చినట్టవుతుంది.

ఎట్ తర్వాత: వి హ్యాడ్ డిన్నర్ ఎట్ ది రెడ్డీస్'. రెడ్డి గారింట్లో. ఇల్లు అనే మాట మింగేశారు.

ఆఫ్ తర్వాత: ఎ ఫ్రెండ్ ఆఫ్ మై పేరెంట్స్ అన్నా సరే, ఎ ఫ్రెండ్ ఆఫ్ మై పేరెంట్స్' అన్నా సరే. రెండూ నడుస్తాయి.

ఇక్కడ దెయిర్ పరీక్ష పనిచేయదు, దాని బదులు "దెయిర్స్" పెట్టి చూడండి. దట్ కార్ ఈజ్ దెయిర్స్. నిలబడింది.

7. రోజులు, నెలలు, సంవత్సరాలు

రెజ్యూమెలో, లీవ్ లెటర్‌లో, రిజైన్ మెయిల్‌లో కావాల్సింది ఇదే. కాలాన్నే సొంతదారు చేసేస్తారు ఇంగ్లీషు వాళ్ళు: పది రోజుల సెలవు, మూడేళ్ళ అనుభవం. మన "ల" తో అచ్చం సరిపోతుంది.

ఐ నీడ్ టెన్ డేస్' లీవ్. వెర్బ్ తర్వాత.
విత్ త్రీ ఇయర్స్' ఎక్స్‌పీరియన్స్. ప్రిపొజిషన్ తర్వాత.
ఆఫ్టర్ టూ మంత్స్' నోటీస్.
వన్ డే'స్ లీవ్. ఒక్కరోజే కాబట్టి ఎస్ ముందు.

కొమ్ము పడని చోట్లు:

త్రీ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్: ఆఫ్ వచ్చేసింది, ఇక కొమ్ము దండగ.
త్రీ ఇయర్స్ ఎగో, త్రీ ఇయర్స్ ఓల్డ్: వెనక ఉన్నది నామవాచకం కాదు.
ఎ టెన్-డే ట్రిప్: మధ్యలో గీత పెడితే ఎస్సే ఉండదు, కొమ్ము ప్రశ్నే లేదు.

అనుమానం వస్తే ఆఫ్ పెట్టి రాసేయండి, ఎవరూ ఏమీ అనలేరు. రెజ్యూమెలో నేను చేసేది అదే.

8. మనవాళ్ళు ఎక్కువ చేసే తప్పులు, వాటి రిపేరు

"మా అక్క వాళ్ళ ఇల్లు." ఇది స్పెషల్‌గా మన తప్పు. ఉన్నది ఒకే అక్క, కానీ మనం "వాళ్ళ" అంటాం, దాంతో చెయ్యి బహువచనం వైపు వెళ్ళిపోయి మై సిస్టర్స్' హౌస్ అని రాస్తుంది. చదివినవాడు మీకు ఇద్దరు అక్కలు, ఒకే ఇంట్లో ఉంటారు అనుకుంటాడు. రిపేరు: ఎట్ మై సిస్టర్'స్ హౌస్. గౌరవానికి వేసే "గారు, వాళ్ళు" ఇంగ్లీషుకి వెళ్ళేముందు తీసేసి మనుషుల్ని లెక్కపెట్టండి.

"ఐ యామ్ ఎట్ వన్ ఆఫ్ మై ఫ్రెండ్'స్ హౌస్." వినడానికి కమ్మగా ఉంటుంది, రాస్తే అతుకు కుదరదు. వన్ ఆఫ్ తర్వాత బహువచనం ఫ్రెండ్స్ రావాలి, దాని మీద కొమ్ము పెడితే వన్ అనేది ఫ్రెండుకో ఇంటికో తెలీదు. రిపేరు సులువు: ఎట్ ఎ ఫ్రెండ్'స్ హౌస్.

యువర్స్ ఫెయిత్‌ఫుల్లీలో కొమ్ము. లెటర్ అంతా బాగా రాసి సంతకం పైన కొమ్ము పెట్టి చెడగొట్టేది ఇక్కడే. యువర్స్, దెయిర్స్, అవర్స్, హర్స్, ఇట్స్ ఇవన్నీ పుట్టుకతోనే "యొక్క" ఉన్న మాటలు, వాటికి కొమ్ము ఎప్పుడూ లేదు. కొమ్మున్న ఇట్'స్ అంటే ఇట్ ఈజ్, ఫోన్ దానంతటదే మార్చేస్తుంది కూడా, కనిపెట్టి ఉండండి.

మ్యాంగో'స్, ఇడ్లీ'స్ అని మెనూ మీద. అమ్మేవి మామిడిపళ్ళు, మామిడిపండు ఆస్తి కాదు. ఉత్త బహువచనానికి కొమ్ము వద్దు.

ఇద్దరి పేర్లు. రాము అండ్ సీత'స్ హౌస్ అంటే ఇద్దరిదీ కలిపి ఒక ఇల్లు. ఎవరి ఫోన్ వాళ్ళదైతే రాము'స్ అండ్ సీత'స్ ఫోన్స్, ఇద్దరి మీదా కొమ్ము.

పొడుగు సొంతదారు. ది స్టూడెంట్స్ హు ఫెయిల్డ్ లాస్ట్ ఇయర్స్' పేరెంట్స్ అని ఎక్కడో చివర కొమ్ము తగిలించకండి. ది పేరెంట్స్ ఆఫ్ ది స్టూడెంట్స్ హు ఫెయిల్డ్ లాస్ట్ ఇయర్. ఆఫ్ ఉన్నదే ఇలాంటి వాటికోసం.

9. సెండ్ నొక్కే ముందు చెక్‌లిస్ట్

- ఎస్‌తో ముగిసిన ప్రతి నామవాచకం దగ్గరా ఆగారా?
- మనుషులు నిజంగా ఒకరా, ఎక్కువా? "వాళ్ళు, గారు" లెక్కలోంచి తీసేశారా?
- దెయిర్ సరిపోయిందా, దెమ్ సరిపోయిందా?
- గివ్, సెండ్, షో లాంటి వెర్బ్ ఉంటే "లకి"యా "ల"యా చూశారా?
- చిల్డ్రన్, మెన్, విమెన్, పీపుల్: కొమ్ము ఎస్ ముందే ఉందా?
- డేస్, మంత్స్, ఇయర్స్ వెనక ఆఫ్ ఉందా? ఉంటే కొమ్ము తీసేశారా?
- కింద యువర్స్ మీద ఏమీ లేదు కదా?

10. మీ వంతు

కొమ్ములు తీసేసి ఇస్తున్నా, ఎక్కడ కావాలో పెట్టుకోండి. కింద జవాబులున్నాయి, ముందే చూడకండి.

అ) షి సెంట్ ది పేరెంట్స్ ఎ మెసేజ్ అబౌట్ ది చిల్డ్రన్స్ ఫీజు.
ఆ) ఐ రిజైన్డ్ విత్ టూ మంత్స్ నోటీస్ ఆఫ్టర్ ఫైవ్ ఇయర్స్ ఆఫ్ సర్వీస్.
ఇ) ది వార్డెన్ షోడ్ ది గర్ల్స్ రూమ్స్ టు ది విజిటర్స్.
ఈ) ది వార్డెన్ షోడ్ ది గర్ల్స్ రూమ్స్ ఆన్ ది సెకండ్ ఫ్లోర్.

జవాబులు. అ) పేరెంట్స్‌కి వద్దు, సెంట్ దెమ్ కదా, చిల్డ్రన్'స్‌కి కావాలి. ఆ) మంత్స్' కి కావాలి, ఇయర్స్‌కి వద్దు. ఇ) గర్ల్స్' కి కావాలి, చూపించింది వాళ్ళ గదులు, చూసింది విజిటర్స్, విజిటర్స్‌కి వద్దు. ఈ) ఇది కావాలనే పెట్టా. కొమ్ము లేకపోతే అమ్మాయిలకి రెండో అంతస్తులో గదులు చూపించింది, కొమ్ము పెడితే రెండో అంతస్తులో ఉన్న అమ్మాయిల గదులు ఎవరికో చూపించింది. రెండూ సరైన వాక్యాలే, వార్డెన్ ఏం చేసిందో తెలిస్తేనే కొమ్ము తేలుతుంది.